రోజువారీ పనులు, అలవాట్లు నమోదు చేసుకునే చిన్న టూల్: ముందు టేబుళ్లు, తేదీలు, ఆ తర్వాతే స్క్రీన్

మీరు అడిగింది ఇది: పైథాన్ ఓ మాదిరిగా వచ్చు, రోజూ చేయాల్సిన పనులూ అలవాట్లూ నమోదు చేసుకునే టూల్ సొంతంగా రాసుకోవాలి, ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ ఫ్రేమ్‌వర్క్ తీసుకోవాలి.

ఫ్రేమ్‌వర్క్ సంగతి తర్వాత చూద్దాం. ఇలాంటి టూల్స్ పాడయ్యేది ఎక్కువగా టేబుళ్ల దగ్గరా, తేదీల దగ్గరానే. అందుకని ముందుగా ఒక్కటి గట్టిగా పట్టుకోండి. జరిగింది మాత్రమే డేటాబేస్‌లో దాచండి. మిగతాదంతా అడిగినప్పుడు లెక్కగట్టండి. స్ట్రీక్ (తప్పకుండా వరసగా ఎన్నాళ్లు చేశారన్న లెక్క), శాతం, ఈ వారం ఎన్నిసార్లు చేశారు, ఇవేవీ కాలమ్‌లుగా ఉండకూడదు.

స్ట్రీక్‌ను ఒక అంకెగా దాచి, 'చేశాను' నొక్కినప్పుడల్లా ఒకటి కలుపుతూ పోయారనుకోండి. మొన్న చేసిన పనిని ఇవాళ గుర్తొచ్చి నింపితే ఆ అంకె తప్పుతుంది. రెండుసార్లు నొక్కినా తప్పుతుంది. నొక్కినదాన్ని వెనక్కి తీసుకుంటే అంతకుముందు ఎంత ఉండేదో తెలుసుకునే దారే ఉండదు. ప్రతిసారీ లెక్కగడితే నెమ్మదిస్తుందేమోనన్న భయం అక్కర్లేదు. 10 అలవాట్లకు ఏడాదికి 3,650 వరుసలు, పదేళ్లకు 36,500. ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌కు అదొక లెక్కే కాదు. పైథాన్‌తో పాటే వస్తుంది కాబట్టి వేరే ఇన్‌స్టాల్ చేయాల్సింది కూడా ఏమీ లేదు.

పనినీ అలవాటునీ ఒకే టేబుల్‌లో పెట్టకండి. పని ఒకసారి పూర్తయితే అయిపోతుంది, అలవాటు ఎప్పటికీ పూర్తి కాదు. చాలామంది ఒకే టేబుల్ పెట్టి, 'రిపీట్' అనే కాలమ్ చేర్చి, రోజూ పొద్దున ఆ వరుసల కాపీలు పుట్టించే స్క్రిప్ట్ రాస్తారు. వారం పాటు కంప్యూటర్ తెరవకపోతే ఆ రోజుల వరుసలు అసలు పుట్టవు, లేదంటే ఏడు రోజులవీ ఒకేసారి వచ్చి పడతాయి. రెండూ ఇబ్బందే.

నాలుగు టేబుళ్లు సరిపోతాయి. పనుల టేబుల్‌లో ఐడీ, పేరు, గడువు తేదీ, రాసిన సమయం, పూర్తయిన సమయం. గడువు ఖాళీగా ఉండొచ్చు. 'అయిందా, లేదా' అని ఇంకో కాలమ్ వద్దు. పూర్తయిన సమయం నల్ (ఖాళీ) అయితే పని మిగిలి ఉన్నట్టే. అలవాట్ల టేబుల్‌లో ఐడీ, పేరు, మొదలైన తేదీ, ఆపిన తేదీ. ఒక అలవాటు మానేస్తే డిలీట్ చేయకుండా ఆపిన తేదీ రాయండి, పాత చరిత్ర నిలుస్తుంది.

మూడోది షెడ్యూల్: అలవాటు ఐడీ, ఏ తేదీ నుంచి అమలు, వారంలో ఏ రోజులు, లక్ష్యం ఎంత. దీన్ని అలవాటు వరుసలోనే పెట్టేయాలనిపిస్తుంది, పెట్టకండి. వ్యాయామం ఇన్నాళ్లూ వారానికి 3 రోజులు చేసి, వచ్చే నెల నుంచి రోజూ చేద్దామని మార్చారనుకోండి. షెడ్యూల్ ఒక్కచోటే ఉంటే, ఆ మార్పు గతానికి కూడా వర్తించి, నిక్షేపంగా చేసిన పాత వారాలన్నీ సగం చేసినట్టు కనిపిస్తాయి. అమలు తేదీతో కొత్త వరుస చేరిస్తే ఏ రోజుకు ఆ రోజు నియమమే వర్తిస్తుంది.

నాలుగోది ఎంట్రీలు: అలవాటు ఐడీ, తేదీ, స్థితి, పరిమాణం. ఐడీ, తేదీ రెండూ కలిపి ప్రైమరీ కీ చేయండి. ఈ టూల్‌లో అన్నిటికన్నా విలువైన కోడ్ లైన్ ఇదే. ఒక అలవాటుకు ఒక రోజున ఒక్క వరుసే ఉంటుందని డేటాబేసే కాపలా కాస్తుంది. రాసేటప్పుడు 'ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డూ అప్‌డేట్' వాడితే, వరుస లేకపోతే చేరుతుంది, ఉంటే మారుతుంది. ఇది ఎస్‌క్యూలైట్ 3.24 నుంచి, అంటే 2018 నుంచి ఉంది.

స్థితికి రెండే విలువలు: చేశాను, మినహాయింపు. చేయకపోవడాన్ని వరుసగా రాయొద్దు, వరుస లేకపోవడమే దానికి గుర్తు. మినహాయింపు ఎందుకంటే జ్వరం వచ్చిన రోజూ ప్రయాణంలో ఉన్న రోజూ బద్ధకించిన రోజులతో సమానం కాదు. ఆ వీలు లేని టూల్‌లో మనుషులు స్ట్రీక్ కాపాడుకోవడానికి చేయని రోజున కూడా టిక్ పెట్టేస్తారు. ఆ క్షణం నుంచి డేటా ఎందుకూ పనికిరాదు.

ఒక చిన్న సంగతి. ఎస్‌క్యూలైట్‌లో ఫారిన్ కీ తనిఖీ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. కనెక్షన్ తెరిచిన ప్రతిసారీ 'ప్రాగ్మా ఫారిన్ కీస్ ఆన్' అని చెప్పాలి. చెప్పకపోతే, లేని అలవాటు ఐడీతో ఎంట్రీ రాసినా కిక్కురుమనదు.

ఇక తేదీలు. అసలు కష్టమంతా ఇక్కడే ఉంది, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

ఎస్‌క్యూలైట్‌లో తేదీకి ప్రత్యేకమైన టైప్ లేదు. 2025-03-09 లాగా ముందు సంవత్సరం, తర్వాత నెల, చివర రోజు, సున్నాలతో సహా పది అక్షరాల టెక్స్ట్‌గా దాచండి. ఇలా రాస్తే అక్షరాల వరుసే తేదీల వరుస అవుతుంది, పోలికలూ సార్టింగూ వాటంతటవే సరిగ్గా వస్తాయి. 9-3-2025 అని రాస్తే, మరుసటి రోజైన 10-3-2025 దానికంటే ముందుకు వచ్చేస్తుంది.

దాచాల్సింది మనిషి ఉన్నచోటి తేదీ, యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం) తేదీ కాదు. ఎస్‌క్యూలైట్‌ను 'ఇప్పుడు' ఏ తేదీ అని అడిగితే యూటీసీలో చెబుతుంది. జావాస్క్రిప్ట్‌లో తేదీని ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణం) స్ట్రింగ్‌గా మార్చినా యూటీసీయే. యూటీసీ కంటే 5 గంటల 30 నిమిషాలు ముందున్న చోట, అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము 5:30 దాకా అది నిన్నటి తేదీనే ఇస్తుంది. అయిదింటికి లేచి నడక ముగించి టిక్ పెడితే అది నిన్నటి వరుసలోకి పోతుంది. నిన్న కూడా చేసి ఉంటే ఆ వరుస మీదే మళ్లీ రాసి ఊరుకుంటుంది. ఎర్రర్ రాదు, ఇవాళ్టి గడి మాత్రం ఖాళీ. పగటిపూట ఎంత పరీక్షించినా ఈ తప్పు దొరకదు. దీనికి అద్దంలాంటి తప్పు ఇంకొకటుంది. జావాస్క్రిప్ట్ తేదీ మాత్రమే ఉన్న టెక్స్ట్‌ను యూటీసీ అర్ధరాత్రిగా చదువుతుంది. యూటీసీకి వెనకున్న ప్రాంతాల్లో దాన్ని చూపిస్తే ముందురోజు కనిపిస్తుంది.

పైథాన్‌లో డేట్ టుడే మెషిన్ ఉన్నచోటి తేదీ ఇస్తుంది. మీ కంప్యూటర్ మీద నడిపితే ఇబ్బంది లేదు. సర్వర్ మీద పెడితే ఆ మెషిన్ గడియారం చాలావరకు యూటీసీలోనే ఉంటుంది. అప్పుడు తేదీని ఫోన్ లేదా బ్రౌజర్ నిర్ణయించి, టెక్స్ట్‌గా పంపాలి.

రాత్రి పన్నెండు దాటాక పుస్తకం ముగించినవాళ్లకు అది ఇంకా ముందురోజు లెక్కే. ఇప్పటి స్థానిక సమయంలోంచి 3 గంటలు తీసేసి, మిగిలినదాని తేదీ తీసుకుంటే సరి. ఫ్లాష్‌కార్డుల యాప్ ఆంకీలో కూడా కొత్త రోజు మామూలుగా తెల్లవారుజాము 4 గంటలకే మొదలవుతుంది. ఈ లెక్క ప్రోగ్రామ్ మొత్తంలో ఒకే ఒక్క ఫంక్షన్‌లో ఉండాలి. దాని పేరు 'ఇవాళ' అనుకుందాం. గడియారాన్ని ఇంకెక్కడా నేరుగా అడగొద్దు. ఆ ఫంక్షన్‌కు సమయాన్ని బయటి నుంచి ఇచ్చే వీలు కూడా పెట్టండి, పరీక్షలు రాసేటప్పుడు అక్కరకొస్తుంది.

తర్వాతి రోజు కావాలంటే 86,400 సెకన్లు కలపొద్దు. గడియారాలు ముందుకూ వెనక్కూ జరిపే దేశాల్లో ఏడాదికి ఒక రోజు 23 గంటలు, ఇంకో రోజు 25 గంటలు ఉంటుంది. సమయానికి సెకన్లు కలపడం మాని, తేదీకి ఒక రోజు కలపండి.

వారంలోని రోజుల్ని ఒకే అంకెలో ఇమడ్చవచ్చు: సోమవారం 1, మంగళ 2, బుధ 4, గురు 8, శుక్ర 16, శని 32, ఆది 64. సోమ, బుధ, శుక్రవారాలు కలిపితే 21. సోమ నుంచి శుక్ర దాకా 31. రోజూ అయితే 127. ఇక్కడ జాగ్రత్త పడాల్సింది లెక్క ఎక్కడ మొదలవుతుందన్నది. పైథాన్ వీక్‌డే సోమవారాన్ని 0 అంటుంది, ఐఎస్ఓ వీక్‌డే 1 అంటుంది, జావాస్క్రిప్ట్ గెట్‌డే ఆదివారాన్ని 0 అంటుంది, ఎస్‌క్యూలైట్ కూడా ఆదివారాన్నే 0 అంటుంది. సగం లెక్క పైథాన్‌లో, సగం ఎస్‌క్యూఎల్‌లో చేస్తే అలవాట్లన్నీ ఒక రోజు పక్కకు జరుగుతాయి. ఈ లెక్కంతా ఒక్క భాషలోనే ఉంచండి.

'వారానికి 3 సార్లు, ఏ రోజైనా సరే' అన్న అలవాటు వేరే రకం. దానికి రోజుల అంకె కాదు, వారపు లక్ష్యం కావాలి. స్ట్రీక్‌ను కూడా వారాల్లోనే లెక్కించాలి. వారాన్ని గుర్తించడానికి వారం నంబర్ వాడకండి. 2024 డిసెంబర్ 30 ఐఎస్ఓ లెక్కలో 2025 మొదటి వారం కిందకు వస్తుంది, సంవత్సరమూ వారం నంబరూ విడివిడిగా తీసుకుంటే తప్పు చోట పడుతుంది. ఆ వారపు సోమవారం తేదీనే వారానికి పేరుగా పెట్టుకోండి.

ఇంతవరకూ కుదిరితే స్ట్రీక్ లెక్క ఇరవై లైన్ల కోడ్‌లోపే. ఇవాళ్టి నుంచి వెనక్కి నడవాలి. ఇవాళ ఇంకా చేయకపోతే దాన్ని తప్పుగా చూడకుండా నిన్నటి నుంచి మొదలుపెట్టాలి, లేకపోతే రోజూ పొద్దున్నే స్ట్రీక్ సున్నా చూపిస్తుంది. షెడ్యూల్‌లో లేని రోజునూ మినహాయింపు రోజునూ దాటిపోవాలి, లెక్కించకూడదు, ఆగకూడదు. చేసిన రోజుకు ఒకటి కలపాలి. చేయాల్సిన రోజున వరుస లేకపోతే ఆగాలి. అలవాటు మొదలైన తేదీ కంటే ముందుకు పోతే కూడా ఆగాలి. ఈ చివరి షరతు మరిచిపోతే, అన్నీ మినహాయింపులే ఉన్న అలవాటు దగ్గర లూప్ ఆగకుండా వెనక్కి పోతూనే ఉంటుంది.

నా మటుకు స్క్రీన్ మీద స్ట్రీక్ కన్నా గత 28 రోజుల శాతమే పెద్దగా కనిపించాలి. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందితో చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక పని అప్రయత్నంగా చేసే స్థాయికి చేరడానికి పట్టిన కాలం 18 నుంచి 254 రోజుల దాకా ఉంది, మధ్యస్థంగా 66 రోజులు. ఒక రోజు తప్పినంత మాత్రాన ఆ క్రమం చెప్పుకోదగ్గంతగా దెబ్బతినలేదు. అలాంటప్పుడు ఒక్క రోజు తప్పితే సున్నా చూపించే అంకెను అంత పెద్దగా పెట్టడం మనిషిని అనవసరంగా నిరుత్సాహపరచడమే. 28 ఎందుకంటే సరిగ్గా నాలుగు వారాలు, ప్రతి వారమూ సమానంగా తూగుతుంది. హారంలో షెడ్యూల్ రోజుల్లోంచి మినహాయింపులు తీసేయండి. ఇవాళ్టి రోజును చేశాకే కలపండి. హారం సున్నా అయితే శాతం బదులు గీత చూపించండి.

మొదటి వెర్షన్‌కు వెబ్ పేజీ అక్కర్లేదు. పైథాన్‌లోని ఆర్గ్‌పార్స్ మాడ్యూల్‌తో కమాండ్‌లైన్‌లో నాలుగు కమాండ్లు చాలు: చేర్చు, చేశా, ఇవాళ, వారం. 'చేశా'కు తేదీ ఆప్షన్ తప్పనిసరిగా ఉండాలి, నిన్నటిది నింపలేకపోతే రెండో వారంలోనే వదిలేస్తారు. జాబితాలో వరుస సంఖ్య బదులు ఐడీ చూపించండి. జాబితా క్రమం మారితే వరుస సంఖ్య మారి, ఒకటనుకుని ఇంకొకటి టిక్ చేస్తారు. ఎస్‌క్యూఎల్‌లోకి విలువల్ని స్ట్రింగ్‌లు అతికించి పంపకుండా, విలువ రావాల్సిన చోట ప్రశ్నార్థకం గుర్తు పెట్టి విడిగా పంపండి. అలవాటు పేర్లు తెలుగులో రాసుకుంటే టెర్మినల్‌లో కాలమ్‌లు వంకరపోతాయి. 'స్త్రీ' అన్నది చూపుకు ఒక్క అక్షరం, పైథాన్ లెన్ మాత్రం 6 అంటుంది. పేరును ప్రతి వరుసలో చివరి కాలమ్‌గా పెడితే ఆ బాధ ఉండదు.

అది రోజూ వాడాక, ఫోన్‌లో కావాలనిపిస్తే ఫ్లాస్క్ అనే చిన్న వెబ్ ఫ్రేమ్‌వర్క్‌తో ఒకటే పేజీ రాయండి. చెక్‌బాక్స్ నొక్కినప్పుడు 'మార్చు' అని పంపకండి, 'ఈ అలవాటు, ఈ తేదీ, ఈ స్థితి' అని పూర్తిగా పంపండి. నెట్‌వర్క్ తడబడి అదే రిక్వెస్ట్ రెండోసారి వెళ్తే, 'మార్చు' అన్నది టిక్ పెట్టి మళ్లీ తీసేస్తుంది. సర్వర్ లేకుండా బ్రౌజర్ లోకల్ స్టోరేజ్‌లోనే పెడదామనుకుంటే, అది దాదాపు 5 ఎంబీ దాకానే పడుతుంది, బ్రౌజింగ్ డేటా తుడిస్తే పోతుంది. సఫారీ అయితే 2020 నుంచి, బ్రౌజర్ వాడుతూ 7 రోజుల పాటు ఆ సైట్‌ను ముట్టుకోకపోతే దాన్ని తనంతట తానే తుడిచేస్తుంది. ఏళ్ల తరబడి దాచాల్సిన డేటాకు అది చోటు కాదు.

బ్యాకప్ కోసం నడుస్తున్న డేటాబేస్ ఫైల్‌ను మామూలుగా కాపీ చేయొద్దు. డబ్ల్యూఏఎల్ మోడ్‌లో (మార్పుల్ని ముందు వేరే లాగ్ ఫైల్‌లో రాసే పద్ధతి) ఉంటే తాజా రాతలు పక్కనున్న వేరే ఫైల్‌లో ఉండొచ్చు, మీ కాపీలోకి అవి రావు. 'వ్యాక్యూమ్ ఇంటూ' వాడండి, లేదా పైథాన్ కనెక్షన్‌లోని బ్యాకప్ మెథడ్ వాడండి. రెండు కంప్యూటర్ల నుంచి రాసే ఫైల్‌ను క్లౌడ్ సింక్ ఫోల్డర్‌లో పెట్టడం ఇంకా ప్రమాదం. ఇవి కాక నెలకోసారి సీఎస్‌వీ (కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైల్)గా కూడా తీసుకోండి. తెలుగు పేర్లు ఎక్సెల్‌లో చెదిరిపోకుండా ఎన్‌కోడింగ్‌ను యూటీఎఫ్-8-సిగ్ అని ఇవ్వండి.

వాడకం మొదలుపెట్టే ముందు ఈ పరీక్షలు రాసి చూడండి: రాత్రి 2:59కి, 3:00కి టిక్ పెడితే ఏ తేదీలో పడుతుంది, ఒకే రోజు రెండుసార్లు టిక్ పెడితే వరుసలు ఎన్ని, శుక్రవారం చేసి సోమవారం చేస్తే, సోమ నుంచి శుక్ర షెడ్యూల్‌లో స్ట్రీక్ 2 వస్తుందా, ఫిబ్రవరి 28 నుంచి మార్చి 1కి లీపు సంవత్సరంలోనూ మామూలు సంవత్సరంలోనూ సరిగ్గా దాటుతుందా, షెడ్యూల్ మార్చాక పాత నెల శాతం మారకుండా ఉందా. ఆఖరున బ్యాకప్ ఫైల్‌ను ఖాళీ ఫోల్డర్‌లో పెట్టి, 'వారం' కమాండ్‌ను దాని మీద నడిపి, రెండు చోట్లా అవే అంకెలు వస్తున్నాయేమో పోల్చుకోండి.