బాబు రొమ్ము ఎముక ముందుకు పొడుచుకొచ్చింది... ఆపరేషన్ తప్పదా?

ప్రశ్న: మా అబ్బాయికి 13 ఏళ్లు. ఏడాదిలో బాగా పొడవయ్యాడు. దాంతోపాటే రొమ్ము ఎముక పావురానికిలా ముందుకొచ్చింది. నొప్పి, ఆయాసం లేవు. చెరువు దగ్గర కూడా చొక్కా విప్పడు. కాల్షియం తక్కువని ఒకరు, తువ్వాలు బిగించి కట్టమని ఇంకొకరు అంటున్నారు. ఆపరేషన్ చేయించాలా?
- ఒక తండ్రి, బొబ్బిలి

జవాబు: ఈ వయసులో ఆపరేషన్ కంటే ముందు చూడాల్సింది బ్రేస్, అంటే ఛాతీని ముందూ వెనకా నొక్కి పట్టే పట్టీ. పక్కటెముకలను రొమ్ము ఎముకతో కలిపే మృదులాస్థి (మెత్తని ఎముక) అతిగా పెరిగి ఎముకను ముందుకు తోస్తుంది. దీన్ని పెక్టస్ కారినేటమ్ అంటారు. చిన్నపిల్లల్లో విటమిన్ డి లోపంతోనూ ఇలా రావచ్చు గానీ, పొడవు పెరిగే వయసులో మొదలైతే కారణం చాలావరకు అది కాదు. కాల్షియం మాత్రలతో ఎముక వెనక్కి పోదు.

బాబును గోడకు ఆనించి, ఉబ్బిన చోట అరచేత్తో మెల్లగా నొక్కండి. లోపలికి వెళితే మృదులాస్థి ఇంకా మెత్తగానే ఉన్నట్టు; బ్రేస్ బాగా పనిచేస్తుంది. రెండు చేతులూ బార్లా చాపితే ఆ కొలత ఎత్తును బాగా మించుతోందా, వంగినప్పుడు వెన్ను ఒక పక్కకు లేస్తోందా కూడా చూడండి. చేతుల కొలత మించితే మార్ఫాన్ సిండ్రోమ్ (గుండెనూ దెబ్బతీయగల జన్యు సమస్య) అనుమానించి గుండెకు ఎకో స్కాన్ తీయించాలి.

తువ్వాలు మాత్రం వద్దు. అది చుట్టూ బిగిసి ఊపిరిని పట్టేస్తుంది. బ్రేస్ ముందూ వెనకా మాత్రమే నొక్కుతుంది, పక్కలు వదులుగా ఉంటాయి కాబట్టి ఛాతీ అటు విస్తరిస్తుంది. మందుల షాపులో దొరికే నడుము బెల్టు ఇందుకు పనికిరాదు. కొలతలు తీసి చేయించాల్సిందే. విశాఖలోని ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో ఛాతీ శస్త్రచికిత్స విభాగం ఉంది, ముందు అక్కడ చూపించండి.

మొదటి వారం రోజుకు కొన్ని గంటలతో మొదలుపెట్టి, స్నానం, ఆటల వేళ తప్ప రోజంతా వేసుకునేదాకా పెంచుతారు. లోపల పలుచని నూలు బనియన్ ఉండాలి. మన ఉక్కపోతకు రోజుకు రెండు మూడు మార్చాలి. విప్పిన అరగంటలో ఎరుపు తగ్గితే ఫర్వాలేదు. బొబ్బ లేస్తే ఆపి, ప్యాడ్ సరిచేయించండి. త్వరగా తగ్గాలని మీరే బ్రేస్‌ను బిగించే స్క్రూలు తిప్పొద్దు, ఎక్కువ బిగిస్తే గుంట పడొచ్చు.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే: కొన్ని నెలల్లో ఛాతీ చదునవగానే బ్రేస్ అటకెక్కిస్తారు. ఎదుగుదల ఆగేదాకా రాత్రిళ్లయినా వేసుకోకపోతే ఎముక మళ్లీ ముందుకు రావచ్చు. బ్రేస్‌కు లొంగనంత గట్టిపడితేనే వికృతమైన మృదులాస్థిని తీసేసే రావిచ్ ఆపరేషన్. అదీ ఎదుగుదల దాదాపు పూర్తయ్యాకే మంచిది.