స్కిజోఫ్రీనియా (ఓ తీవ్రమైన మానసిక జబ్బు) మందులు వాడితే రెప్ప వేయడం తగ్గుతుందా?

తగ్గుతుంది, అందరిలో కాకపోయినా చాలామందిలో. మామూలుగా మనం నిమిషానికి ఓ 15-20 సార్లు రెప్ప వేస్తాం, స్కిజోఫ్రీనియా ఉండి మందులు మొదలుపెట్టనివాళ్లలో సగటున అంతకంటే ఎక్కువే కనిపిస్తుంది. రెప్ప వేసే వేగానికి మెదడులోని డోపమైన్ అనే రసాయనంతో సంబంధం ఉందంటారు (లెక్క అంత సూటిగా ఏమీ ఉండదు లెండి), స్కిజోఫ్రీనియాకు ఇచ్చే యాంటీసైకోటిక్ మందులు అడ్డుకునేది ఆ డోపమైన్ సంకేతాన్నే.

ఈ మందుల్లో ఒకటైన హాలోపెరిడాల్‌నే ఉదాహరణగా చూడండి: అది పడకపోయినా, డోసు ఎక్కువైనా కొందరికి పార్కిన్సన్స్ (ఒంట్లో కదలికలు నెమ్మదించే జబ్బు)లో లాగా ముఖంలో కదలిక తగ్గి, నడుస్తుంటే చేతులు ఊగక, రెప్ప వేయకుండా ఎటో చూస్తున్నట్టు ఉంటారు. ఇంట్లోవాళ్లేమో జబ్బు ముదిరిందని కంగారుపడతారు. అది మందు ప్రభావం కావచ్చు, డాక్టరుకు చెప్తే డోసు తగ్గించడమో మందు మార్చడమో చేస్తారు, సొంతంగా మాత్రం ఆపొద్దు.

రెప్పలు లెక్కపెట్టి జబ్బు ఉందో లేదో తేల్చేయొచ్చనుకోవడం అపోహ. నిద్ర చాలకపోయినా, కళ్లు పొడిబారినా, టెన్షన్‌లో ఉన్నా, ఫోన్ చూస్తున్నా ఆ లెక్క మారిపోతుంది. పైగా ఏళ్ల తరబడి ఇవే మందులు వాడిన కొందరిలో టార్డివ్ డిస్కినీసియా (ముఖం, ఒళ్లు అదుపు లేకుండా కదిలే సమస్య) వచ్చి రెప్పలు టపటపా ఎక్కువగా కొట్టుకుంటాయి కూడా.