డిమెన్షియా ఉన్న పెద్దవారు ఆసుపత్రిలో రాత్రిపూట కలవరపడుతుంటే ఏం చేయాలి?

తుంటి ఎముక ఆపరేషన్ అయిన మీ మామగారు రాత్రి కాగానే సెలైన్ సూది పీకేసుకుంటున్నారని, ఇంటికి వెళ్ళిపోతానంటూ మంచం దిగబోతున్నారని, చేతులు కట్టించాలా, మత్తు ఇంజెక్షన్ అడగాలా అని రాశారు. వృద్ధులు ఎక్కువగా చేరే వార్డులో చాలా ఏళ్ళు స్టాఫ్ నర్సుగా పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను: ముందు తేల్చుకోవలసింది ఈ కలవరం ఎప్పుడు మొదలైందన్నది.

డిమెన్షియా నెలల మీద, సంవత్సరాల మీద ముదిరే జబ్బు. ఇంట్లో కుదురుగా ఉన్న మనిషి ఒకటి రెండు రోజుల్లోనే ఇలా మారిపోతే, దానికి డెలీరియం, అంటే ఒంట్లో మరేదో సమస్య వల్ల ఉన్నట్టుండి వచ్చే అయోమయం, తోడైందని అనుమానించాలి. ‘మతిమరుపు జబ్బు కదా, ఇంతే’ అని ఎవరు అన్నా ఒప్పుకోవద్దు. మూత్రంలో ఇన్ఫెక్షన్, రక్తంలో సోడియం తగ్గడం, ఆక్సిజన్ చాలకపోవడం, జలుబుకో దురదకో ఇచ్చిన ఫెనిరమిన్ వంటి మందు, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. డ్యూటీ డాక్టరుతో అవన్నీ చూపించండి. నేను తరచుగా చూసినవి మాత్రం మరీ మామూలువి: రోజుల తరబడి విరేచనం కాకపోవడం, మూత్రం బిగిసిపోవడం. రాత్రంతా కేకలు వేస్తూ దుప్పట్లు లాగేస్తున్న ఒక పెద్దాయనకు మత్తు ఇవ్వబోతుండగా పొత్తికడుపు ఉబ్బి ఉండటం గమనించి మూత్రానికి గొట్టం వేస్తే, కాసేపటికే నిద్రపోయారు. అయితే అవసరం తీరాక కూడా ఆ గొట్టాన్ని ఉంచేస్తే అదే కలవరం పెడుతుంది.

నొప్పి సంగతి వేరుగా చెప్పాలి. నొప్పి మందు ‘అడిగితే ఇవ్వండి’ అని కేస్ షీటులో రాసి ఉంటే, అడగలేని మనిషికి అది ఎప్పటికీ అందదు. వేళ ప్రకారం ఇచ్చేలా రాయించండి.

పోతాయన్న భయంతో ఇంటికి పంపేసిన కళ్ళద్దాలు, వినికిడి యంత్రం తిరిగి తెప్పించండి. రాత్రుళ్ళు ఆయన బాగా ఎరిగినవారే పక్కన ఉండాలి, రోజుకొకరు మారకూడదు. ఇంటికి వెళ్తానన్నప్పుడు ‘ఇది ఆసుపత్రి, కదలకూడదు’ అని వాదించకుండా, ఇంట్లో ఏం పని ఉందో అడిగి ఆ మాటల్లో పెట్టండి. సెలైన్ సూదికి పైన కట్టు కట్టించి పొడుగు చేతుల చొక్కా తొడిగితే చాలామంది దాని జోలికి పోరు. చేతులు కడితే మాత్రం పెనుగులాట పెరుగుతుంది, చర్మం ఒరుసుకుపోతుంది.

కలవరాన్ని అణచడానికి ఇచ్చే హాలోపెరిడాల్, క్వెటియాపిన్ వంటి మందులు అసలు వద్దని నేననను. తనకో ఇతరులకో ప్రమాదం ఉండి, మిగతావేవీ పనిచేయనప్పుడు తక్కువ మోతాదులో కొద్దిరోజులు అవసరపడవచ్చు. కానీ డిమెన్షియా ఉన్న వృద్ధులలో ఇవి మరణ ప్రమాదాన్ని పెంచుతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనూ, 2008లోనూ హెచ్చరించింది. ల్యూయీ బాడీ రకం డిమెన్షియా అయితే హాలోపెరిడాల్ మరీ ప్రమాదకరం. ఆసుపత్రిలో మొదలైన ఈ మాత్రలను ఇంటికి వెళ్ళాక నెలల తరబడి వాడుతూనే ఉన్నవారిని చాలామందిని చూశాను కనుక, ఎప్పుడు ఆపాలో డిశ్చార్జ్ కాగితంలో తేదీతో సహా రాయించుకోండి.