మూడో దెయ్యం మాట్లాడకూడదు

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

'ఎ క్రిస్మస్ కరోల్' మీద నువ్వు రాసిన నాటకం స్క్రిప్టు బుధవారం అందింది. ఆ రాత్రే ఒకసారి చదివాను. మర్నాడు పొద్దున మళ్ళీ మొదలుపెట్టి, ముప్పై ఒకటో పేజీ దగ్గర ఆగిపోయి, కాగితాలు బల్ల మీద పెట్టేశాను. కోపం వచ్చింది. ఈ ఉత్తరం ఆ కోపంతోనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

మూడో దెయ్యం చేత మాట్లాడించావు. అదీ ఒకటి రెండు మాటలు కాదు, పేజీన్నర! "ఓ స్క్రూజ్, నేను నీ భవిష్యత్తును" అని మొదలుపెట్టి, అతను చేసిన తప్పులన్నీ వరసగా చదివి వినిపించింది. డికెన్స్ రాసిన 'ఎ క్రిస్మస్ కరోల్'లో పిసినారి ముసలాడు స్క్రూజ్ దగ్గరికి గతం, వర్తమానం, భవిష్యత్తు చూపించడానికి మూడు దెయ్యాలు వస్తాయి. మొదటి దెయ్యం మాట్లాడుతుంది. రెండోది నవ్వుతుంది, స్క్రూజ్ అన్న మాటలే అతనికి తిప్పికొడుతుంది. మూడోది మాత్రం ఒక్క మాట అనదు. నల్లటి ముసుగు, అందులోంచి చాచిన చెయ్యి, అంతే. స్క్రూజ్ అడుగుతూనే ఉంటాడు, అది వేలు చూపిస్తూనే ఉంటుంది. మాట్లాడు, ఒక్క మాట మాట్లాడు అని అతను బతిమాలుకునే దాకా వస్తుంది కథ. నువ్వు ఆ బతిమాలుకోవడం ఉంచి దెయ్యానికి జవాబు కూడా ఇచ్చేశావు. ఇక అతను వణకడం దేనికి?

ఎందుకలా రాశావో నీ ఉత్తరంలోనే ఉంది. "స్టేజి మీద మైకుల ముందు నిలబడి చదువుతాం, వేషాలుండవు, చూడటానికేమీ ఉండదు కదా మాస్టారూ, మాట్లాడకపోతే దెయ్యం వచ్చినట్టు ఎలా తెలుస్తుంది?" అని అడిగావు. మంచి ప్రశ్న. నీ మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి దీనికే జవాబు రాస్తాను.

ముందుగా చప్పుడు ఉండాలి, అప్పుడే నిశ్శబ్దం వినిపిస్తుంది. మొదటి సీను నుంచీ స్క్రూజ్ గదిలో ఒక గడియారం టిక్కు టిక్కుమంటూ ఉండనీ. గట్టిగా అక్కర్లేదు. హాల్లో జనం పది నిమిషాల్లో దాన్ని మర్చిపోతారు, మర్చిపోవాలి కూడా. మూడో దెయ్యం వచ్చేటప్పుడు ఆ టిక్కుటిక్కు ఆపెయ్యి. ఇంకేమీ చెయ్యకు. స్క్రూజ్ వేషం వేసే అబ్బాయి గొంతు తగ్గించి "ఎవరు?" అంటాడు. మనసులో నాలుగు లెక్కపెట్టుకోమను. "రాబోయే క్రిస్మస్‌వి నువ్వేనా?" మళ్ళీ నాలుగు. మూడోసారి జవాబు వినపడకుండానే "సరే... వస్తాను" అనాలి. ఆ "వస్తాను"తో దెయ్యం ఎటు చూపించిందో, ఎంత దగ్గరగా ఉందో హాల్లో ప్రతివాడికీ తెలుస్తుంది. ఎవరి దెయ్యాన్ని వాళ్ళే కల్పించుకుంటారు. నువ్వు రాసే ఏ డైలాగూ దాని ముందు నిలబడదు.

నాకీ సంగతి నేర్పింది పుస్తకాలు కాదు. 1989 నవంబర్‌లో తుఫాను కావలి దగ్గర తీరం దాటిన రాత్రి మేం కావలిలోనే ఉన్నాం. పెంకుటిల్లు, మధ్యగదిలో ఏడుగురం. గాలి ఎంతసేపు వీచిందో చెప్పలేను. పక్కింటి రేకులు లేచిపోవడం, ఎక్కడో చెట్టు విరగడం, తలుపు గడియ కొట్టుకోవడం, ఇవన్నీ కలిసి ఒకే మోత. అది ఉన్నంతసేపూ పిలకాయలు కూడా ఏడవలేదు. ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది. చెవులు మూసుకుపోయాయేమో అనుకున్నాను. అప్పుడు వినపడింది, పెంకుల సందులోంచి ఇత్తడి బిందెలో పడుతున్న చుక్క. టప్పు. కాసేపటికి ఇంకోటి. మా చిన్నాన్న "అయిపోయిందిలే" అని గడియ తియ్యబోయాడు. మా అమ్మమ్మ ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. "వెనక గాలి ఉంది, తియ్యమాక" అంది. అందరం ఆ చుక్కే వింటూ కూర్చున్నాం. నా జీవితంలో అంత భయం ఎప్పుడూ పడలేదు. తుఫాను కన్ను మా మీదుగా పోతోందని నాకు తర్వాత తెలిసింది. కాసేపటికి అమ్మమ్మ చెప్పినట్టే గాలి మళ్ళీ వచ్చింది, ఈసారి అవతలి దిక్కు నుంచి.

ఆ రాత్రి మీద రేడియో నాటకం రాయడానికి నాకు రెండేళ్ళు పట్టింది. రెండు గాలుల మధ్య పదకొండు సెకన్ల నిశ్శబ్దం, అందులో రెండు నీటి చుక్కలు. నాటకమంతా ఆ పదకొండు సెకన్ల కోసమే రాశాను. ప్రసారమైన రోజు ఇంట్లో అందరినీ కూర్చోబెట్టాను. సరిగ్గా ఆ చోట వయొలిన్ వచ్చింది! నిర్మాతను అడిగితే, "సైలెన్స్ వస్తే శ్రోత సెట్టు పాడైందనుకుంటాడండీ" అన్నాడు. చుక్కలు కూడా తీసేశాడు, క్లియర్‌గా లేవట. మా అమ్మమ్మ అప్పటికి బతికే ఉంది. "ఆ మధ్యలో పాటెవరు పాడారురా?" అని అడిగింది. ఆవిడకేం చెప్పాలో నాకు తోచలేదు. ముప్పై ఏళ్ళు దాటింది, ఆ నిర్మాత మీద కోపం ఇంకా తగ్గలేదు.

సెట్టు పాడైందని ఎవరనుకున్నారమ్మా? విజయవాడ కేంద్రం నుంచి ఆదివారం మధ్యాహ్నం మూడింటికి నాటకం వస్తే మా పంచలో పదిమందిమి కూర్చుని వినేవాళ్ళం. పాత్ర మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోతే మేమూ ఊపిరి బిగబట్టేవాళ్ళం. తమలపాకులు చిలక చుడుతున్న చెయ్యి కూడా ఆగిపోయేది. ఒక్కరంటే ఒక్కరు లేచి రేడియో తట్టి చూడలేదు. ఇప్పుడు ఫోన్లలో వచ్చే కథలు వింటుంటే నాకు బాధగా ఉంటుంది. మొదటి మాట నుంచి చివరి మాట దాకా వెనకాల ఏదో ఒక వాయిద్యం మోగుతూనే ఉంటుంది. ఏడవాల్సిన చోట ఫ్లూటు, భయపడాల్సిన చోట డ్రమ్ము. వినేవాడికి ఏం మిగిలింది? నీ స్క్రిప్టులో "భయంకరమైన సంగీతం" అని తొమ్మిది చోట్ల రాశావు. లెక్కపెట్టాను. తొమ్మిదీ కొట్టెయ్యి.

ఆ మూడు దెయ్యాల కంటే ముందు, స్క్రూజ్ వ్యాపారంలో భాగస్వామిగా ఉండి చచ్చిపోయిన మార్లే దెయ్యమై వచ్చే సీను తీసుకో. నువ్వు సంగీతం పెట్టావు. అసలు కథలో ఏముందో మళ్ళీ చదువు. స్క్రూజ్ ఒంటరిగా కూర్చుని జావ తాగుతుంటాడు. గదిలో ఎప్పుడో వాడకం మానేసిన గంట ఒకటి దానంతటదే ఊగడం మొదలుపెడుతుంది. మొదట చప్పుడే ఉండదు, తర్వాత మోగుతుంది, ఇంట్లో ఉన్న గంటలన్నీ దానితో కలుస్తాయి. ఎలా మొదలయ్యాయో అలాగే అన్నీ ఒక్కసారి ఆగిపోతాయి. అప్పుడు కింద నేలమాళిగలోంచి గొలుసు ఈడుస్తున్న చప్పుడు. నేలమాళిగ తలుపు దభాలున తెరుచుకుంటుంది. గొలుసు మెట్లెక్కుతుంది. గది తలుపు వైపు వస్తుంది. 1843 డిసెంబర్‌లో అచ్చయిన పుస్తకమమ్మా ఇది, రేడియో అన్నది ఎవరి ఊహలోనూ లేని కాలం. అయినా ఆయన ఎఫెక్ట్స్ వరస రాసిపెట్టాడు: గంటలు, నిశ్శబ్దం, దూరంగా గొలుసు, దగ్గరగా గొలుసు. నువ్వు చెయ్యాల్సిందల్లా ఆయన చెప్పినట్టు చెయ్యడమే.

గొలుసు మోగించేవాణ్ణి మైకుకి పదడుగుల వెనక నిలబెట్టు. ఒక్కో మెట్టుకీ ఒక్కో అడుగు ముందుకి రమ్మను. మైకు దగ్గర దూరమంటే అదే, వాల్యూమ్ బటన్ తిప్పితే వచ్చేది కాదు. గొలుసు ఊరికే గలగలమంటే పశువుల కొట్టం గుర్తొస్తుంది. మార్లే గొలుసుకి డబ్బుపెట్టెలు, తాళాలు, తాళంచెవులు, లెక్కల పుస్తకాలు, దస్తావేజులు, బరువైన ఇనప సంచులు వేలాడుతుంటాయి. కాబట్టి గొలుసుకి ఒక చిన్న ఇనప్పెట్టె, ఒక తాళంచెవుల గుత్తి కట్టి ఈడ్వాలి. ఎఫెక్ట్స్ అన్నీ యూట్యూబ్ నుంచి డౌన్‌లోడ్ చేశామని రాశావు. అవి వద్దు. హాల్లో వాళ్ళ ముందే బల్ల వేసి చేతుల్తో చెయ్యండి. కార్న్‌ఫ్లోర్ గుడ్డ సంచిలో పోసి పిడికిలితో నొక్కితే మంచు మీద నడక. బిస్కెట్ ప్యాకెట్ కాగితం నెమ్మదిగా నలిపితే పొయ్యి మంట. కొబ్బరిచిప్పలు గుర్రపు బండి. మనూళ్ళో డిసెంబరంటే ముసురే గాని మంచు ఎవరు చూశారు? ఆ చేతుల వైపు చూస్తూ కూడా చెవులు లండన్ వెళ్ళిపోతాయి. మీ పిలకాయలు ఈ పనికి ఎగబడతారు చూడు.

చలి కూడా వినిపించొచ్చు. నీ వ్యాఖ్యాత "లండన్ నగరం గడ్డకట్టే చలిలో వణుకుతోంది" అని మొదలుపెట్టాడు. ఆయన్ని కూర్చోమను. గుమాస్తా బాబ్ క్రాచిట్ గదిలో మంట ఒక్క బొగ్గంత ఉంటుంది. బొగ్గుల పెట్టె స్క్రూజ్ తన గదిలో పెట్టుకుంటాడు. బాబ్ పార పట్టుకుని లోపలికి వస్తే చాలు, ఉద్యోగం ఊడుతుందన్న మాట వినపడుతుంది. కలం గీస్తున్న చప్పుడు, ఆగింది. కుర్చీ జరిగింది. నాలుగడుగులు. పార పెట్టె అంచుకి తగిలింది. స్క్రూజ్ దగ్గు. అడుగులు వెనక్కి. మళ్ళీ కలం. ఇందులో ఒక్క మాట లేదు. వారానికి పదిహేను షిల్లింగుల ఉద్యోగమంటే ఏమిటో మొత్తం ఉంది.

వ్యాఖ్యాతను తీసేస్తే డికెన్స్‌కి అన్యాయమేమో అని నీకనిపించొచ్చు. ఆయన ఈ కథను జనం ముందు తానే చదివేవాడు. 1853 డిసెంబర్‌లో బర్మింగ్‌హామ్‌లో మొదటిసారి చదివినప్పుడు దాదాపు మూడు గంటలు పట్టింది. తర్వాత తర్వాత తన పుస్తకాన్నే కోసి, కొట్టేసి, గంటన్నరకి తెచ్చాడు. గొంతుతో చెయ్యగలిగింది రాతతో చెప్పక్కర్లేదని ఆయనకు తెలిసింది. రాసినవాడే కొట్టేసుకున్నప్పుడు నీకు నాకు మొహమాటం దేనికి? "మార్లే చచ్చిపోయాడు" అన్న మొదటి మాట పోతుందని బెంగపడకు, దాన్ని స్క్రూజ్ నోట పెట్టు. బీదవాళ్ళ కోసం చందా అడగడానికి వచ్చినవాళ్ళతో అతనే చెబుతాడు, ఏడేళ్ళ కిందట ఇదే రాత్రి పోయాడని.

అదే సీనులో ఇంకో తప్పుంది. వర్క్‌హౌస్‌ని "అనాథాశ్రమం" చేశావు. కాదు. గతిలేని వాళ్ళచేత చాకిరీ చేయించుకుని, మొగుణ్ణీ పెళ్ళాన్నీ విడివిడిగా ఉంచి, జావ పోసే చోటు అది. బయట చచ్చినా ఫర్వాలేదు గాని అక్కడికి పోమనేవాళ్ళు. "పనిశాల" అని రాయి. ఒంగోలు వాళ్ళకు ఆ సీను అర్థం కాదేమో అన్న సందేహం పెట్టుకోకు. ధాత కరువులో, అంటే 1876-78లో, ఆకలితో ఉన్నవాళ్ళు బకింగ్‌హామ్ కాలవ తవ్వుకుని బతికిన ఊళ్ళు మనవి. ఒంగోలు మిషనరీ క్లౌ మూడున్నర మైళ్ళ కాలవ పని కాంట్రాక్టు తీసుకున్నది ఇక్కడి వాళ్ళకు కూలి దొరకాలనే. మీ చర్చిలో ముందు వరసలో కూర్చునే పెద్దవాళ్ళ ఇళ్ళల్లో ఆ మాటలు ఇంకా ఉంటాయి. జనాభా ఎక్కువైంది, చస్తే చావనీ అని స్క్రూజ్ అన్నప్పుడు వాళ్ళ మొహాలు చూడు.

ఇక ముప్పై ఆరో పేజీ. దాని గురించి రాయకపోతే నేను కోపమే చూపించినట్టవుతుంది. క్రాచిట్ ఇంటి సీను మొదటిసారి వచ్చినప్పుడు చిన్నవాడు టిమ్ చేతికర్ర చప్పుడు రాశావు. పొయ్యి దగ్గరికి టక్కు టక్కు, బల్ల దగ్గరికి టక్కు టక్కు, అన్నలు అక్కలు అరుస్తున్నా వాళ్ళ మధ్యలోంచి అది వినపడుతూనే ఉంది. రెండోసారి, మూడో దెయ్యం చూపించేటప్పుడు, అదే ఇల్లు. తల్లి కుడుతోంది. బాబ్ తలుపు తీసుకుని వచ్చాడు. అందరూ ఉన్నారు, కర్ర చప్పుడు మాత్రం లేదు. అది చదివి నేను కళ్ళద్దాలు తీశాను. మూల కథలో ఎప్పుడూ గోల చేసే ఆ పిల్లలు బొమ్మల్లా కదలకుండా కూర్చుంటారని ఉంది. ఆ నిశ్శబ్దానికి నువ్వు సొంతంగా దారి కనిపెట్టావు. అంత చేసి, వెంటనే కింద వ్యాఖ్యాత చేత "పాపం, చిన్నారి టిమ్ ఇక లేడు" అనిపించావు! ఆ ఒక్క వాక్యం మీద ఎర్రసిరాతో గీత కొట్టాను, కాగితం చిరిగింది. ఆ గీత అలాగే ఉంచుకో. బాబ్ వచ్చాక ఆరు లెక్కపెట్టు. సూది దారం లాగే చప్పుడొక్కటే ఉండనీ.

పేపర్ల సంగతి కూడా చూసుకో. స్క్రిప్టు పిన్ను కొట్టి ఇవ్వకు. విడి కాగితాలు, ఒకవైపే రాసినవి, చదివాక పక్కకి జారవిడవాలి. ఆరు లెక్కపెట్టేటప్పుడు ఎవరైనా పేజీ తిప్పారో, అంతా పోతుంది. హాల్లో ఫ్యాన్లు కూడా ఆ ఐదు నిమిషాలు ఆపించు. డిసెంబరే కదా, ఎవరికీ ఉక్క పోయదు.

పేర్లు తెలుగులోకి మార్చాలా, పోటీకి పంపాలా అన్నవి తీరిగ్గా మాట్లాడుకుందాం.

వచ్చే శనివారం రిహార్సల్ అన్నావు. సాయంత్రం పినాకిని రైల్లో వస్తాను. మా ఉయ్యాల బల్లకు రెండు గొలుసులున్నాయి. తుఫాను నాటకంలో పడవ లంగరు కోసం వాటిలో ఒకదాన్నే లాగాను. దాన్ని విప్పించి గోనెసంచిలో కట్టి తెస్తున్నాను. బరువుంటుంది, నేనొక్కణ్ణే మెట్లు దిగలేను. గొలుసు ఈడ్చే అబ్బాయెవరో వాణ్ణే స్టేషన్‌కి పంపించు. హాలు దాకా వాడే మోసుకు రావాలి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు