కణతల దగ్గర జుట్టు పలచబడిన అమ్మాయికి పెద్దమ్మ ఉత్తరం

అమలాపురం,
శ్రావణ మాసం

చి. బుజ్జమ్మకు పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు పెద్దవి చేసుకుని చూశాను. రెండు కణతల దగ్గరా, చెవి పైనుంచి నుదుటి మూల దాకా జుట్టు పలచబడింది. నుదుటి అంచున మాత్రం సన్నటి నూగు వరసగా నిలిచి ఉంది, దాని వెనకాలే ఖాళీ. బిగించి లాగి కట్టడం వల్ల ఊడిందనడానికి ఇదే పెద్ద గుర్తు. అంచునున్న పొట్టి వెంట్రుకలు జడలోకి అందవు కాబట్టి లాగుడు తగలక మిగిలాయి. అందినవి పోయాయి. డాక్టర్లు దీన్ని ట్రాక్షన్ అలోపీషియా అంటారు. కొత్త జబ్బేం కాదు. జుట్టు బిగించి కట్టుకునే గ్రీన్‌లాండ్ ఆడవాళ్లకు నుదుటి దగ్గర ఇలాగే ఊడుతోందని 1907లోనే రాసిపెట్టారు.

ఎవరో పేనుకొరుకుడన్నారని కంగారు పడ్డావు. పేనుకొరుకుడైతే రూపాయి బిళ్లంత గుండ్రంగా, నున్నగా, తలలో ఎక్కడ పడితే అక్కడ వస్తుంది, కనుబొమ్మల్లో కూడా రావచ్చు. దానికి గురివింద గింజ అరగదీసి పూయమనేవాళ్లు మన వైపు ఇంకా ఉన్నారు. దాని జోలికి పోకు. ఆ గింజలో ఉన్నది ప్రాణం తీసే విషం, చర్మం మీద పుండ్లు పడితే ఉన్న కుదుళ్లు కూడా పోతాయి.

అన్నిటికంటే ముందు ఒక్క మాట. లాగుడు ఆపకుండా ఏ మందు రాసినా దండగే. నాటిన నారును రోజూ పట్టి లాగుతూ యూరియా చల్లితే అది వేరు పట్టదు కదా. నువ్వు మందు పేరు అడిగావు, నేను జడ గురించి ఎక్కువ రాస్తున్నాను, విసుక్కోకుండా చదువు.

వెంట్రుక రెండు నుంచి ఆరేళ్లు పెరుగుతుంది, మూడు నెలలు ఊరికే ఉంటుంది, తర్వాత రాలి అదే కుదురులోంచి కొత్తది వస్తుంది. రోజూ లాగుడు పడే కుదురు పెరగడం మధ్యలోనే ఆపేస్తుంది, చుట్టూ వాపు వస్తుంది. లాగుడు తొందరగా ఆపితే కుదురు తేరుకుంటుంది. ఏళ్ల తరబడి సాగితే ఆ వాపు మచ్చగా మారి కుదురు మూసుకుపోతుంది. మచ్చ కట్టిన చోట ఏ నూనె పోసినా వెంట్రుక రాదు. తిరుపతిలో గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందని మీ అమ్మ అంటోందట. మొక్కు ఉంటే తీర్చుకో, అది వేరే సంగతి. కత్తి గీసేది చర్మం పైనున్న వెంట్రుకనే, లోపలి కుదురులో ఏమీ మారదు.

మరి నీ కుదుళ్లు ఏ స్థితిలో ఉన్నాయో చూసుకోవడం ఎలా? పగటి వెలుతురులో కిటికీ దగ్గర నిలబడి, ఫోను కెమెరాతో దగ్గరగా చూడు. చర్మం మీద చిన్న చిన్న రంధ్రాలు, వాటిలోంచి నూగు కనిపిస్తే కుదుళ్లు బతికున్నట్టు. రంధ్రాలు మాసిపోయి, నున్నగా మెరుస్తుంటే మచ్చ కట్టి ఉండొచ్చు. నీకు ఎడమవైపు నూగు బాగానే ఉంది. కుడి చెవి పైన కొంచెం మెరుస్తున్నట్టుంది, అది డాక్టరు డెర్మటోస్కోపు, అంటే చర్మాన్ని పెద్దది చేసి చూపే పరికరం, పెట్టి చూసి తేల్చాలి. ఇంకో గుర్తు కూడా చూడు. వెంట్రుక మొదట్లో తెల్లగా, సన్నటి గొట్టంలా చుట్టుకున్న పొట్టు ఉంటుంది. అందరూ చుండ్రనుకుంటారు. చుండ్రు దులిపితే రాలుతుంది, ఇది వేళ్లతో పట్టుకుంటే వెంట్రుక వెంటే కిందికి జారుతుంది. అది కనిపిస్తోందంటే ఆ చోట ఇంకా లాగుడు పడుతోందన్న మాట.

ఇక జడ. జుట్టు పూర్తిగా ఆరాకే దువ్వు. తడి వెంట్రుక ఎక్కువ సాగుతుంది, తొందరగా తెగుతుంది. ఈ వానల్లో మన కోనసీమ తేమకు పొద్దున తలంటుకుంటే సాయంత్రానికి గానీ ఆరదు. బస్సు వేళవుతోందని నీళ్లోడే జుట్టునే బిగించి కట్టేస్తున్నావు. తలంటు సెలవు రోజుకు మార్చుకో. చిక్కు పళ్లు వెడల్పున్న దువ్వెనతో కొసల నుంచి మొదలుపెట్టి పైకి తీసుకో, మాడు నుంచి ఒక్కసారిగా కిందికి లాగొద్దు.

జడ మెడ దగ్గర మొదలుపెట్టు. మూడు పాయలు తీశాక మొదటి రెండు మూడు మెలికలు వదులుగా ఉండాలి, కింద ఎంత గట్టిగా అల్లినా ఫర్వాలేదు. కుదురుకు తగిలే లాగుడంతా ఆ మొదటి మెలికల్లోనే ఉంటుంది. వేశాక కనుబొమ్మలు ఎగరేసి చూడు, కణత దగ్గర చురుక్కుమంటే విప్పి మళ్లీ వేసుకో. కణత మీద జుట్టు కింద చిటికెన వేలు తేలిగ్గా దూరాలి. నొప్పి తెలిసిందంటే అప్పటికే కుదురుకు దెబ్బ తగులుతోందని అర్థం. జడ విప్పగానే "అబ్బ, హాయిగా ఉంది" అంటుంటావు చూడు, అదీ మంచి గుర్తు కాదు.

ఆఫీసుకు వేసుకునే ఎత్తు పోనీటెయిల్, దాన్నే చుట్టేసే ముడి, రెండూ పెళ్లి దాకా మానెయ్. ఒక రోజు జడ, ఒక రోజు వదులుగా పెద్ద క్లిప్పు, ఇలా మారుస్తూ ఉండు. పాపిట కూడా అప్పుడప్పుడు అటూ ఇటూ జరుపు. ఉత్త రబ్బరు బ్యాండు వద్దు, గుడ్డ చుట్టినది వాడు. కణతల మీద పక్క పిన్నులు అసలే వద్దు. రాత్రి జుట్టు విప్పి, కొసన మాత్రం వదులుగా అల్లుకుని పడుకో. జడ వేస్తే సాయంత్రం దాకా ఒక్క వెంట్రుక చెదరకూడదనేది మీ అమ్మ పట్టుదల. ఆ సంగతి దానితో నేను మాట్లాడతాను, నువ్వు తగువు పడకు. స్ట్రెయిటెనింగ్, కెరటిన్ అని పార్లరు వాళ్లు అంటే ఒప్పుకోకు. మందులతో, వేడితో నీరసించిన వెంట్రుకకు లాగుడు తోడైతే మరీ తొందరగా పోతుంది.

డాక్టరు దగ్గరికి ఈ నెలలోనే వెళ్లు. కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మ విభాగం ఉంది, రాజమండ్రిలో అయినా సరే, చర్మవ్యాధుల డాక్టరే కావాలి. ఎర్ర పొక్కులు, చీము గుల్లలు ఉంటే ముందు వాటిని తగ్గిస్తారు. పూతగా స్టెరాయిడ్ మందు, అవసరమైతే కొన్ని వారాలు యాంటీబయాటిక్ మాత్రలు, ఒక్కోసారి చర్మంలోకే చిన్న ఇంజెక్షన్లు ఇస్తారు. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పేది), థైరాయిడ్ పరీక్షలు రాయమని అడుగు. ఇనుము తక్కువైతే లాగుడు ఆపినా జుట్టు నెమ్మదిగా వస్తుంది. పరీక్ష చేయించకుండా షాపులో ఐరన్, బయోటిన్ మాత్రలు కొనుక్కోకు.

తర్వాత డాక్టర్లు సాధారణంగా రాసిచ్చేది మినాక్సిడిల్ అనే పూత మందు. ఆడవాళ్లకు 2 శాతం ద్రావణమైతే రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి 1 మి.లీ., 5 శాతం నురగ అయితే రోజుకొకసారి. నీకు ఏది, ఎంత అనేది డాక్టరు చెప్పాలి. రాసేది వెంట్రుకలకు కాదు, చర్మానికి. మాడు పొడిగా, నూనె లేకుండా ఉండాలి. పడుకోవడానికి రెండు గంటల ముందే రాసుకో, లేకపోతే దిండుకు అంటుకుని అక్కణ్ణుంచి మొహానికి తగిలి అక్కడ నూగు మొలుస్తుంది. చేతులు కడుక్కో. మీ ఇంట్లో పిల్లి మంచమెక్కి పడుకుంటుంది కదా, ఈ మందు పిల్లులకు విషం, దూరంగా ఉంచు. దురద, మంట వస్తే మానేసి డాక్టరుకు చెప్పు, ద్రావణం పడనివాళ్లకు నురగ పడొచ్చు. మొదటి నెలా రెండు నెలల్లో జుట్టు ఇంకాస్త రాలుతుంది. పాత వెంట్రుక తప్పుకుంటేనే కొత్తది వస్తుంది కాబట్టి భయపడి ఆపొద్దు. చాలామంది ఇక్కడే సీసా పడేస్తారు. కడుపుతో ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు ఇది వాడకూడదు. పెళ్లయ్యాక పిల్లల కోసం అనుకునే ముందే డాక్టరును అడిగి మానెయ్యాలి.

కొబ్బరినూనె వాడు, మంచిదే. తలంటుకు ముందు పట్టిస్తే వెంట్రుక పెళుసుబారదు. కానీ అది వెంట్రుకను కాపాడుతుందే గానీ కొత్తది మొలిపించదు. పొక్కులున్న చోట నూనె పెడితే అవి ఇంకా పెరుగుతాయి. గట్టిగా మర్దనా చేయడమూ లాగుడే. ఉల్లిరసం, వెల్లుల్లి ముద్ద వాచిన చర్మం మీద మంట పెడతాయి, వద్దు.

నెలకు సుమారు ఒక సెంటీమీటరు లెక్కన, మూడో నెలలో నూగు తెలుస్తుంది, ఐదారు నెలలకు వేలెడు కూడా ఉండదు. అవి నిటారుగా లేస్తాయి, అసహ్యంగా ఉందని జెల్ పెట్టి అణిచి పిన్నులు గుచ్చుతావు. చేసిందంతా పాడయ్యేది అప్పుడే. తడి చేత్తో నిమిరి వదిలెయ్, లేకపోతే పలచటి గుడ్డ పది నిమిషాలు వదులుగా కట్టి తీసెయ్. కుడివైపు నిజంగానే మచ్చ కట్టి ఉంటే జుట్టు నాటే ఆపరేషన్ ఒకటుంది, కానీ లాగుడు పూర్తిగా ఆగి, ఊడడం నిలిచాకే చేస్తారు. ఇప్పుడు తొందరపడి ఎవరికీ డబ్బు కట్టకు.

పెళ్లి మాఘంలో అంటున్నారు. పూలజడ వద్దని నేననను, కానీ బరువు నీ కుదుళ్ల మీద పడకూడదు. కడియం నుంచి పూలు తెప్పించి జడ కుట్టే ఆవిడతో ముందే చెప్పు. నీళ్లు చల్లిన చామంతులు బరువు, సన్నజాజి మొగ్గలు, కనకాంబరాలు తేలిక. కుట్టాక తూకం వేసి చూడమను, రెండు వందల గ్రాములు దాటకపోతే మంచిది. సవరం మాడు దగ్గర కట్టనివ్వకు, నీ జడ సగం అల్లాక అక్కణ్ణుంచి కలపమను. జడగంటలు తేలికవి చాలు. నీకు అన్నిటికంటే ప్రమాదం మాటీలు. బుట్టల బరువంతా ఆ గొలుసు మీదుగా చెవి పైన జుట్టుకే, అంటే ఊడిన చోటుకే తగులుతుంది. తేలిక బుట్టలు పెట్టుకో, గొలుసు కొక్కెం ఇంకాస్త వెనక్కి, ఒత్తుగా ఉన్న జుట్టుకు తగిలించమను. పాపిటబిళ్ల పిన్ను నుదుటి అంచున కాకుండా పాపిట లోపలికి పెట్టించు. తంతు అయిన రాత్రే అన్నీ విప్పించుకో, పిన్నులు ఒక్కొక్కటిగా తీయించు, రెండు రోజులు జడ వేయకు.

చెల్లాయికి కూడా బడికి రెండు జడలు మడిచి రిబ్బను కడుతున్నారుగా. మడత చెవి పైకి ఎక్కకుండా చెవి కిందే ఉండేలా కట్టమను, ఇంటికి రాగానే విప్పమను. దానికి ఇంకా ఏమీ ఊడలేదు కాబట్టి అంత మాత్రం చాలు.

ప్రతి నెలా మొదటి ఆదివారం అదే కిటికీ దగ్గర, అదే వెలుతురులో రెండు కణతలూ ఫొటో తీసి పెట్టుకో, డాక్టరుకు చూపించడానికి పనికొస్తాయి. కుడి చెవి పైది దగ్గరగా తీసి నాకూ పంపు.

మీ పెద్దమ్మ