సూట్‌కేసులోంచి తీసేసినవి

విజయవాడ

చిరంజీవికి దీవెనలతో,

అమెరికా ప్రయాణం గురించి నువ్వు రాసి పంపిన పదకొండు పేజీలూ రెండుసార్లు చదివాను. మొదటిసారి రాత్రి పడుకోబోయే ముందు, రెండోసారి పొద్దున్నే పెన్సిల్ చేత్తో పట్టుకుని. న్యూజెర్సీలో మీ పిన్ని వాళ్లింట్లో దిగి ఆరు రోజులైందని, వచ్చే సోమవారం పిట్స్‌బర్గ్‌లో ల్యాబులో ఇంటర్న్‌షిప్‌కి చేరాలని, ఈలోగా ఇది ఎలా ఉందో చెప్పమని అడిగావు. మామూలుగా ఎవరి రాత అయినా నాలుగు వారాలు దగ్గర పెట్టుకుని గానీ జవాబు రాయను. నీ విషయంలో అలా చెయ్యలేను. నీ చేతిలో ఇంక నాలుగు రోజులే ఉన్నాయి. ల్యాబులో చేరాక నీ కళ్లకి వేరే పని పడుతుంది. ఆ ఇల్లు, ఆ వీధి మళ్లీ ఇంత కొత్తగా కనిపించవు.

ముందు ఒక వాక్యం గురించి చెప్పాలి. మూడో పేజీలో "ఇక్కడ పెట్రోలు ఎవరికి వాళ్లే కొట్టుకోవాలి, బంకుల్లో మనుషులుండరు" అని రాశావు. తల్లీ, నువ్వున్నది న్యూజెర్సీ. మిగతా రాష్ట్రాల సంగతి వేరు, అక్కడ మాత్రం 1949 నుంచి చట్టమే ఉంది, బండిలో పెట్రోలు బంకు మనిషే పోయాలని. మా అబ్బాయి మీ పిన్ని వాళ్లుండే ఎడిసన్‌లోనే ఉన్న రోజుల్లో నేను నాలుగు నెలలు వాళ్ల దగ్గర ఉన్నాను. వాడు కారు ఆపి అద్దం దించితే, మా వయసున్న ఒక పంజాబీ పెద్దాయన వచ్చి పోసేవాడు. చలికాలం కాబట్టి చేతులకి రెండు జతల గ్లవుజులు ఉండేవి. మీ బాబాయి కూడా ఈ ఆరు రోజుల్లో ఒక్కసారైనా బంకు దగ్గర ఆపే ఉంటాడు. నువ్వు వెనక సీట్లోనో పక్క సీట్లోనో కూర్చునే ఉంటావు. ఎవరు వచ్చి పోశారో చూసే ఉంటావు. కానీ రాసేటప్పుడు చూసింది పక్కన పెట్టి, వెళ్లకముందు వీడియోల్లో విన్నది రాశావు.

చిన్న పొరపాటే కదా అని ఊరుకోలేకపోతున్నాను, ఎందుకంటే నీ పేజీల్లో సగం ఇలాగే వచ్చాయి. రోడ్లు అద్దంలా ఉన్నాయి. హారన్ ఎవరూ కొట్టరు. ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా నవ్వి పలకరిస్తారు. ఓక్ ట్రీ రోడ్డు చూస్తే అమీర్‌పేటలో ఉన్నట్టే ఉంది. ఇవన్నీ నిజమే, కాదనను. కానీ శంషాబాదులో విమానం ఎక్కకముందే ఇవి నీకు తెలుసు. వీటి కోసం నువ్వు అంత దూరం వెళ్లనక్కర్లేదు, నీ రాత కోసం నేను పొద్దున్నే లేవనక్కర్లేదు.

అసలు ఈ పది రోజులు నీకు ఎలా దొరికాయో ఒక్కసారి ఆలోచించు. ఇలాంటి ఇంటర్న్‌షిప్‌లకి ఇచ్చే జె-1 వీసా మీద వెళ్లే పిల్లలు ప్రోగ్రాం మొదలయ్యే తేదీకి ముందు 30 రోజుల్లోపు ఎప్పుడైనా ఆ దేశంలోకి రావచ్చు. ఆ వెసులుబాటు ఉంది కాబట్టే మీ అమ్మ నిన్ను నేరుగా ల్యాబుకి పంపకుండా ముందు చెల్లెలింటికి పంపింది. ఈ రోజులు నీ చదువు లెక్కలోకి రావు, ఇంటర్న్‌షిప్ లెక్కలోకీ రావు. తెనాలిలో ఉన్న అక్క తన కూతుర్ని ఎడిసన్‌లో ఉన్న చెల్లెలి చేతికి అప్పగించిన రోజులివి. నీ రాతలో విషయం ఇదే అని నాకు గట్టిగా అనిపించింది. దాన్ని నువ్వు నాలుగైదు వాక్యాల్లో దాటేసి ఎనిమిది పేజీలు అమెరికాకి ఇచ్చేశావు.

ఐదో పేజీ తీసి చూడు. "జెట్‌లాగ్ వల్ల మూడింటికే మెలకువ వచ్చేసింది. కిందికి దిగితే పిన్ని కూడా లేచే ఉంది. ఉప్మా చేసి పెట్టింది." అంతే. తరువాతి పేరాలో న్యూయార్క్ వెళ్లిపోయావు. నా పెన్సిల్ మాత్రం ఆ వంటింట్లోనే ఉండిపోయింది. నువ్వు లేవడానికి అర్థముంది, నీ ఒంటికి అది మధ్యాహ్నం పన్నెండున్నర. మీ పిన్ని ఎందుకు లేచి ఉంది? పొద్దున్నే ఆఫీసుకి వెళ్లాల్సిన మనిషి. నీ అడుగుల చప్పుడుకి లేచిందా? ఆ చెక్క ఇళ్లల్లో ఒకరు మెట్లు దిగితే ఇంటిల్లిపాదికీ వినిపిస్తుంది. లేకపోతే ఇండియా ఫోన్లకి ఆ వేళే కుదురుతుందని ఆమెకి రోజూ అలవాటేనా? పోపు వేసే ముందు ఏం చేసింది? మా కోడలైతే ముందు పడకగదుల తలుపులు మూసేది, తరవాత కోట్లు తగిలించే అలమర తలుపు మూసేది, పొయ్యి మీద ఫ్యాన్ వేసేది. అప్పుడు గానీ నూనెలో ఆవాలు పడేవి కావు. కోటుకి తాలింపు వాసన పడితే ఒక పట్టాన వదలదు, రోజూ ఉతికే బట్ట కాదు. పొగ కాస్త ఎక్కువైతే స్మోక్ అలారం మోగి పిల్లలు ఉలిక్కిపడి లేస్తారు. అక్క కూతురికి ఆకలేస్తోందని తెల్లవారుజామున మూడింటికి మీ పిన్ని అన్ని తలుపులూ మూసి మరీ ఉప్మా చేసింది. అలా చేసిందో లేదో నాకు తెలియదు, అక్కడున్నది నువ్వు. నువ్వు చూసింది చెప్పు. ఆ గిన్నె, ఆ వెలుతురు, ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో, ఎక్కడ మాటలు ఆగాయో, కిటికీ అవతల పిట్టలు ఎప్పుడు మొదలుపెట్టాయో. ఈ నెలల్లో అక్కడ రాబిన్ పిట్ట చీకటి ఉండగానే కూత అందుకుంటుంది. నువ్వు "పేరు తెలియని పక్షి" అని రాశావు. పేరు అడగడానికి ఆ ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు.

ఇక సూట్‌కేసు. పిన్ని దాన్ని తెరిచినప్పుడు ఏమేం బయటికి వచ్చాయో బాగా రాశావు, నీ పేజీలన్నిట్లో నాకు నచ్చింది ఆ పేరాయే. గోంగూర పచ్చడి, కందిపొడి, కాకరకాయ కారం, తమ్ముడికి పూతరేకులు, బాబాయికి లుంగీలు, పిన్నికి కుట్టించిన ఆరు జాకెట్లు. జాకెట్ల దగ్గర నాకో సందేహం వచ్చింది. దర్జీకి ఇచ్చిన ఆది జాకెట్టు ఎప్పటిది? ఇంకో చోట పిన్ని ఏడేళ్లుగా ఇంటికి రాలేదని రాశావు. ఏడేళ్ల కిందట తెనాలిలో వదిలేసి వెళ్లిన జాకెట్టే కొలతకి ఇచ్చారా? మీ అమ్మ మనసులో చెల్లెలు ఇంకా ఆ కొలతల్లోనే ఉందా? ఆ ఆరూ ఆమెకి సరిపోయాయా? సరిపోకపోతే పిన్ని ఏమంది, మీ అమ్మకి ఫోన్‌లో ఏం చెప్పింది? ఇది నువ్వు తప్ప ఇంకెవరూ రాయలేని సంగతి.

ఇంకో ప్రశ్న కూడా ఉంది. పెట్టె ఒక్కోటి 23 కిలోలు దాటకూడదు. బయల్దేరే ముందు రాత్రి మీ ఇంట్లో తూకం వేసే ఉంటారు. ముల్లు ఎక్కువ చూపించాక ఏదో ఒకటి తీసే ఉంటారు. ఏం తీశారు? ఎవరు తీశారు? మా అబ్బాయి మొదటిసారి వెళ్లేటప్పుడు రెండు కిలోలు ఎక్కువ తేలింది. అందరం కూర్చుని చివరికి మా అత్తగారు తన చేత్తో చుట్టిన సున్నుండల డబ్బా తీసి పక్కన పెట్టాం. ఆవిడ ఒక్క మాట అనలేదు. ఆ డబ్బా ఇరవై రోజులు బీరువా మీదే ఉంది, మేమెవరం దాన్ని ముట్టుకోలేదు. దాన్ని నేను కథగా రాయడానికి తొమ్మిదేళ్లు పట్టింది. ఆ రాత్రే నోట్‌బుక్‌లో రెండు ముక్కలు రాసుకుని ఉంటే ఆవిడ బతికి ఉండగానే చదివి వినిపించేదాన్ని. అందుకే నిన్ను తొందర పెడుతున్నాను.

ఎవరికి రాస్తున్నావో తేల్చుకుంటే సగం చిక్కులు విడిపోతాయి. కాశీయాత్ర చరిత్ర రాసిన ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయల్దేరారు. పదిహేను నెలల ప్రయాణం. దారి పొడుగునా చూసింది చూసినట్టు రాసి స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లె గారికి పంపుతూ వచ్చారు. ఆ పిళ్లె గారే దాన్ని 1838లో అచ్చువేయించారు. ఏ మజిలీలో బస దొరుకుతుంది, ఏ ఊళ్లో అంగళ్లున్నాయి, దారి ఎలాంటిది, ఇలాంటివన్నీ వీరాస్వామయ్య గారు పట్టించుకున్నారు. ఎదురుగా స్నేహితుడు కూర్చుని అడుగుతున్నట్టు రాశారు కాబట్టే అన్ని వివరాలు వచ్చాయని నేను నమ్ముతాను. నువ్వు "పాఠకులకు" రాస్తున్నావు. వాళ్లు ఎవరో నీకు తెలియదు, అందుకే అందరికీ తెలిసిన సంగతులే చేతికి వచ్చాయి. మీ అమ్మకి రాస్తున్నాననుకో. ఆమెకి రోడ్ల సంగతి అక్కర్లేదు. చెల్లెలు చిక్కిందా, జుట్టు నెరిసిందా, మరిదికి ఆఫీసులో టెన్షన్ ఎలా ఉంది, పిల్లలు పెద్దమ్మని గుర్తు పడతారా, ఆ ఇంట్లో దేవుడి గూడు ఎక్కడ పెట్టారు, ఇవి కావాలి. ఆమె అడిగేవాటికి జవాబులు రాస్తే మాకందరికీ సరిపోతుంది.

పిన్ని ఏడేళ్లుగా రాలేదన్న మాట ఒంటరిగా వదిలేశావు. చదివేవాళ్లలో కొందరు ఆమెకి మనసు లేదనుకుంటారు. ఎందుకు రాలేకపోయిందో నువ్వు తెలుసుకోవాలి. గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశం వాళ్లకీ ఏడాదికి 7 శాతం మించి ఇవ్వకూడదన్న నియమం ఉంది. మనవాళ్ల దరఖాస్తులు అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి క్యూ ఏళ్లకి ఏళ్లు సాగుతుంది. ఈలోపు హెచ్-1బి అనే ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లు ఇండియా వస్తే, పాస్‌పోర్టులో పాత వీసా స్టాంపింగ్ గడువు అయిపోయి ఉంటే, తిరిగి వెళ్లడానికి మళ్లీ స్టాంపింగ్ వేయించుకోవాలి. అది ఆలస్యమైతే అక్కడ ఉద్యోగం, ఇల్లు, పిల్లల బడి అన్నీ చిక్కులో పడతాయి. మీ పిన్నిది ఈ కారణమే కావచ్చు, వేరేదేదైనా కావచ్చు. అడుగు. చెప్పడం ఇష్టం లేకపోతే అంతటితో వదిలెయ్. చెబితే, రాసిన పేజీ ముందు ఆమెకే చదివి వినిపించు. ఆమె వద్దన్న వాక్యం ఎంత బాగున్నా కొట్టెయ్. ఊరి పేరు, ఆఫీసు, వీసా వివరాలు మార్చెయ్. నీకు అన్నం పెట్టిన ఇల్లు అది. వాళ్లకి ఇబ్బంది తెచ్చే రాత మనకొద్దు, ఈ విషయంలో మాత్రం నా మాట విను.

తమ్ముడి గురించి "తెలుగు రాదు పాపం" అన్నావు. ఏడో పేజీలో అదే పిల్లాడు నీకు చలేస్తోందని చూసి తన దుప్పటి తెచ్చి "అక్కా, ఆర్ యూ కోల్డ్?" అని అడిగాడు. ఆ వాక్యంలో తెలుగు ఒక్క మాటే. కానీ నీ పేరు పెట్టి పిలవకుండా ఆ మాటే పిలిచాడు. ఆ మాట వాడికి ఎవరు నేర్పారు? ఏడేళ్ల కిందట వాడికి మూడేళ్లు, నువ్వు వాడికి గుర్తుండే అవకాశమే లేదు. నువ్వు వచ్చే ముందు ఇంట్లో "అక్క వస్తోంది" అని ఎన్నిసార్లు అనుకుని ఉంటారో. "పాపం" తీసెయ్, దుప్పటి ఉంచు. వాడి మాటలు వాడు అన్నట్టే రాయి, తెలుగులోకి మార్చకు.

డాలర్లు రూపాయల్లోకి మార్చడం ప్రతి పేజీలో ఉంది. కొత్తలో అందరం చేస్తాం. అయితే కొత్తిమీర కట్ట ధర చూసి గుండె గుబేలుమన్న ఒక్క చోట ఉంచి మిగతావి తీసెయ్. నువ్వు లెక్క కట్టడం ఏ రోజు మానేశావో గమనిస్తే మాత్రం ఆ రోజు రాసుకో.

ఎలక్ట్రికల్ చదివే పిల్లవి, ఎడిసన్‌లో ఆరు రోజులున్నావు, మెన్లో పార్క్ ఊసే లేదు! 1879లో థామస్ ఎడిసన్ బల్బు వెలిగించిన ల్యాబు ఉండేది అక్కడే. ఆ చోట ఇప్పుడు తల మీద పెద్ద బల్బు పెట్టుకున్న స్తంభం ఉంది. అందుకే 1954లో ఊరికి ఆయన పేరు పెట్టుకున్నారు. శనివారం బాబాయిని తీసుకెళ్లమను. బల్బు చరిత్ర రాయడానికి కాదు. బాబాయితో నువ్వు ఇంతవరకు ఒంటరిగా పది నిమిషాలు కూడా గడపలేదని నీ పేజీలు చూస్తే తెలుస్తోంది. ఆయన నీ రాతలో కారు నడపడం తప్ప ఏమీ చెయ్యలేదు. పక్కన కూర్చో, ఆయన మొదటి ఉద్యోగం గురించి అడుగు.

న్యూయార్క్ పేజీలు రెండూ పక్కన పెట్టెయ్. బాధపడకు, వాటికి ఇంకో రోజు వస్తుంది.

సోమవారం లోపల మళ్లీ రాసి పంపు. పదకొండు పేజీలు అక్కర్లేదు, నాలుగు చాలు. అక్షరదోషాలు చూసుకోవద్దు, అవి నేను చూస్తాను. రేపు తెల్లవారుజామున మెలకువ వస్తే, అప్పటికి మీ అమ్మ అన్నం తిని కూర్చుని ఉంటుంది. ఫోన్ చేసి ఆ రాత్రి పెట్టెలోంచి ఏం తీశారో అడుగు. తీసినవి ఇప్పుడు ఎక్కడున్నాయో కూడా అడుగు.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య లాంటి మనిషి