పత్తి విత్తేముందు నేల వేడి చూడాలా, వాన చూడాలా?

అమెరికాలో నేల ఉష్ణోగ్రత కొలిచి పత్తి విత్తుతారట, మనమూ అలా చూడాలా, మే నెలాఖరు వానకే విత్తితే నష్టమా అని అడిగారు. నష్టమే. అనుభవించాను కాబట్టి చెబుతున్నాను.

పశ్చిమ టెక్సాస్‌లో వసంతకాలంలో నేల ఇంకా చల్లగా ఉంటుంది. చలికి గింజ కుళ్లిపోతుందని, విత్తే లోతులో దాదాపు 18 డిగ్రీల వేడి వచ్చేదాకా ఆగుతారు. మనకు ఆ బాధ లేదు. రోహిణి కార్తెకు రోళ్లు పగిలే నేల మనది. మన గింజను చంపేది వేడి, దానికి తోడు చాలీచాలని తడి.

2025లో రుతుపవనాలు మే 24నే కేరళను తాకాయి, మామూలుకంటే వారం ముందు. రెండు మూడు రోజుల్లో తెలంగాణలోకి వచ్చేశాయి. ఆదిలాబాద్ జిల్లాలోని మా ఊళ్లో ఒక రాత్రి వాన పడింది. తెల్లవారేసరికి చేలన్నీ మనుషులే. మా అమ్మ మట్టిలోకి వేళ్లు దించి చూసి, "పైపైనే తడి బిడ్డా, కింద పొయ్యిలా కాగుతోంది. ఇంకో వాన పడనీ" అంది. నేను వినలేదు. పక్క చేనివాళ్లు విత్తుతుంటే చేతులు కట్టుకుని నిలబడటం ఎంత కష్టమో సేద్యం చేసేవాళ్లకే తెలుస్తుంది. 5 ఎకరాలకు 10 ప్యాకెట్లు, ఒక్కోటి 901 రూపాయలు. సాయంత్రానికి అన్నీ నేలలో పెట్టేశాం.

ఆ తర్వాత వాన ముఖం చాటేసింది. ఎనిమిదో రోజు సాలు వెంట కూర్చుని గింజలు తవ్వి చూశాను. కొన్ని ప్యాకెట్లోంచి అప్పుడే తీసినట్టు గట్టిగా ఉన్నాయి. మిగతావి ఉబ్బి, మందు రంగు పూసిన పొట్టు పగిలి, వేరు గోరంత వచ్చి ఆగిపోయాయి. వేరు కొస కాలిన వత్తిలా నల్లబడింది. వేళ్ల మధ్య నలిపితే పొడి పొడిగా రాలింది. ఒట్టి పొడి దుక్కిలో పడిన గింజ కొన్నాళ్లు వాన కోసం కాచుకుంటుంది. సగం తడిసిన గింజకు ఆ ఓపిక ఉండదు. ఆరుద్రలో గట్టి వాన పడ్డాక మళ్లీ విత్తనం, మళ్లీ కూలి.

ఇందులో దుకాణాల పాపమూ ఉంది. "ఈ రకం రేపటికి ఉండదు" అని మే నెల నుంచే తొందరపెడతారు. 2024 మేలో ఆదిలాబాద్‌లో ఒకే రకం విత్తనం కోసం రైతులు మండే ఎండలో బారులు తీరారు. విత్తనం ముందే కొనిపెట్టుకోండి, తప్పు లేదు. ఇంట్లో ఉంది కదా అని విత్తకండి.

నల్లరేగడిలో 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడాలి, జానెడు లోతు తడవాలి. ఫోనులో వచ్చే వాన లెక్కను నేను నమ్మను. మండలం మొత్తానికీ ఒకే అంకె చూపిస్తారు. చెరువుకు అవతల కురిసిన వాన ఇవతల కురవదు. చేను మధ్యలో, చెట్టు నీడ పడనిచోట, నిటారు గోడలున్న రేకు డబ్బా పెట్టి పిల్లల స్కేలుతో కొలుస్తున్నాను. ఒక్క పూటలోనే అంత పడాలని లేదు, మూడు నాలుగు రోజుల్లో కలిసినా చాలు. తర్వాత గడ్డపారతో ఒక గుంట తవ్వి, దాని అడుగున ఉన్న మట్టిని పిడికిట్లో నొక్కి చూడాలి. ముద్ద కట్టిందా, పదును వచ్చినట్టే.

ఆలస్యమైతే దిగుబడి పోతుందని భయపెట్టేవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు. జూలై 15 దాకా నిశ్చింతగా విత్తవచ్చు. పైగా అందరికంటే ముందు పూతకు వచ్చిన చేనునే కాయ తొలిచే గులాబీ రంగు పురుగు మొదట పట్టుకుంటుంది. మా ఊళ్లో ఏటా చూస్తున్నాను, ఈ మాటలో నాకు అనుమానం లేదు.

మీ నేల రేగడో, చెల్కో (ఎర్రటి తేలిక నేలో) రాయలేదు. చెల్క అయితే 50, 60 మిల్లీమీటర్లు సరిపోతాయి కానీ తొందరగా ఆరిపోతుంది, పదును వచ్చిన మర్నాడే విత్తేయాలి. ఏ నేలో రాయండి, బోరు ఉందో లేదో కూడా.